పెట్టె పాడకూడదు

కూచిపూడి చుట్టుపక్కల మైకు సెట్టు పని చేస్తూ, ప్లైవుడ్ డబ్బాల్లో స్పీకర్లు బిగిస్తూ జుట్టు నెరిసిన వాణ్ని. రికార్డు పాట పెట్టుకుని అభ్యాసం చేసే నాట్యం పిల్లలు, పామర్రు, మొవ్వ, చల్లపల్లి వైపు నుంచి సొంతంగా స్పీకరు కట్టుకుందామని వచ్చే కుర్రాళ్లు, అందరూ అడిగేది ఒకటే: "తాతగారూ, డబ్బా లోపల ఏం పెట్టాలి?" కాస్త తెలిసినవాళ్లయితే "ఫోమ్ మంచిదా, థర్మాకోల్ మంచిదా?" అని అడుగుతారు. థర్మాకోల్ మాట ఇక్కడే తేల్చేస్తాను. దాన్ని చెక్కకు అంటిస్తే అదురు తగ్గదు సరికదా, తేలిగ్గా, బిరుసుగా ఉండటం వల్ల అదీ చెక్కతో పాటు మోగుతుంది. ఫ్రిజ్జు కొన్నప్పుడు వచ్చిన ముక్కలు అటక మీదే ఉండనివ్వండి. మిగతా సరుకుల సంగతి వరసగా చెబుతాను. చాలామటుకు వంటింట్లో, అటక మీద, సైకిల్ షాపు ముందు దొరికేవే.

1. గరగర వేరు, బొంగురు వేరు

చెడ్డ శబ్దాలన్నీ ఒక జాతివి కావు. ఏదో ఒక స్వరం దగ్గరే గరగరమంటే ఎక్కడో ఏదో వదులైందన్నమాట. మరమేకు కావచ్చు, ముందు జాలీ కావచ్చు, పేరు చెక్కిన రేకు ముక్క కావచ్చు, చెక్కకు తగులుతున్న వైరు కావచ్చు. దానికి మందు స్క్రూడ్రైవరే. మనుషుల గొంతులు పీపాలోంచి వచ్చినట్టు బొంగురుగా వినపడితే డబ్బా గోడలు అదురుతున్నాయి. లోపలి గాలి రెండు గోడల మధ్య అటూ ఇటూ కొట్టుకోవడం ఇంకో రోగం. డబ్బా బాగానే ఉండి, కింద ఉన్న బల్లో బీరువానో మోగడం మరో రోగం. ఫోమ్ పనికొస్తే గాలి రోగానికి కాస్త పనికొస్తుంది, అంతే.

గరగర పట్టుకోవాలంటే ఫోనులో ఒకే స్వరం పలికించే యాప్ పెట్టి, చిన్న శబ్దంతో, 40 హెర్ట్జ్ నుంచి 300 దాకా మెల్లగా జరుపుకుంటూ పోవాలి. మోగిన చోట ఆగి, ఒక్కో భాగాన్నీ వేలితో నొక్కి చూడాలి. ఏది నొక్కితే ఆగిందో అదే దొంగ. ఈ పని చెయ్యకుండా దూదీ తారూ పట్టుకొచ్చేవాళ్లతో నేను వాదించడం మానేశాను.

2. మృదంగం పక్కన కూర్చోండి

బరువు, బిగువు, అదురును మింగే గుణం. ఈ మూడూ వేరువేరు. మూడూ ఒకటే అనుకోవడం వల్లే సగం డబ్బు దండగ అవుతుంది. ఇది చూడటానికి కూచిపూడిలో ప్రయోగశాల వెతుక్కోనక్కర్లేదు. ప్రదర్శనకు ముందు మృదంగం ఆయన పక్కన కూర్చుంటే చాలు. కాస్త ఉప్మా రవ్వ నీళ్లతో పిసికి, ఎడమ మూతి నడుమ గుండ్రంగా అద్దుతాడు. అరచేత్తో కొట్టి వింటాడు. శ్రుతి పైన ఉంటే మరి కాస్త అద్దుతాడు. మరీ దిగితే గోటితో గిల్లి తీస్తాడు. కచేరీ అయ్యాక గీకి పారేస్తాడు. కుడి మూతికి మాత్రం కరణి అనే నల్లటి పూత ఎప్పుడూ ఉంటుంది.

ఆ కరణి చేసే పని గురించి సి.వి.రామన్ 1920లోనే సహచరుడితో కలిసి 'నేచర్' పత్రికలో రాశారు, 1934లో మళ్లీ వివరంగా రాశారు. చిన్నప్పుడు విశాఖపట్నంలో చదువుకున్న ఆయనకు మృదంగం మోత కొత్తది కాదు. ఉత్త చర్మాన్ని కొడితే పుట్టే పై స్వరాలు మూల స్వరంతో పొసగవు. నడుమ బరువు వేసి వాటిని రెట్టింపులుగా, మూడింతలుగా కుదిర్చిన మన పనివాళ్ల నైపుణ్యాన్ని ఆయన లెక్కలతో చూపించారు.

మనకు కావలసిన ముక్క ఇక్కడే ఉంది. నడుమ వేసిన బరువు స్వరాన్ని కిందికి దించుతుంది, మాయం చెయ్యదు. తడి రవ్వ మెత్తగా ఉంటుంది కాబట్టి మోతను కొంచెం మింగుతుంది కూడా. డబ్బా గోడకు గ్రానైట్ ముక్క అంటించారనుకోండి, దించడం ఒక్కటే జరుగుతుంది, మింగడం జరగదు. చెక్క మందం పెంచితే ఇంకో తమాషా. 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ బదులు 18 వాడితే బిగువు మూడు రెట్లు దాటుతుంది, బరువు ఒకటిన్నర రెట్లవుతుంది. చివరికి ఆ గోడ మోగే స్వరం ఒకటిన్నర రెట్లు పైకి ఎక్కుతుంది. 200 దగ్గర మోగేది 300 దగ్గర మోగుతుంది. పైకెక్కిన మోత కొన్నిసార్లు ఇంకా చెవికి పొడుచుకుంటుంది.

నూజివీడులో వీణలు చేసేవాళ్లు పనస మానును తొలిచి కుండ చేస్తారు. ఆ కుండ పాడాలి, పాడకపోతే వీణే కాదు. మన డబ్బాకు ఆ హక్కు లేదు. వీణ పాట ముందే రికార్డులో ఉంది. డబ్బా తన గొంతు కలిపితే ఏ వీణ వాయించినా ఒకే వీణలా వినపడుతుంది.

3. రవ్వతోనే పరీక్ష, ముగ్గుపిండితో వద్దు

గోడలో ఏ భాగం అదురుతోందో కంటితో చూడొచ్చు. డబ్బాను పక్కకు పడుకోబెట్టి, చూడదలచిన గోడ పైకి వచ్చేట్టు పెట్టండి. దాని మీద ముతక రవ్వో, రాళ్ల ఉప్పు దంచిన పొడో పలచగా చల్లండి. యాప్‌లో స్వరం పెంచుకుంటూ పోండి. ఒక చోట గింజలు ఉన్నట్టుండి చిందులు వేస్తాయి. కాసేపటికి నడుమ ఖాళీ అయి, గింజలన్నీ అంచుల్లోకి, కొన్ని గీతల మీదికి చేరతాయి. చేరిన చోటు కదలడం లేదు. ఖాళీ అయిన చోటే కదులుతోంది. అక్కడ పెన్సిలుతో గుండ్రం గియ్యండి. అంటించే సరుకు ఏదైనా ముందు అక్కడే అంటించాలి.

జర్మనీలో క్లాడ్నీ అనే ఆయన 1787లో పలకల మీద ఇసుక చల్లి ఈ బొమ్మలు అచ్చు వేయించాడు. రామన్ కూడా మృదంగం చర్మం మీద ఇసుకతో ఇలాంటి బొమ్మలే రాబట్టారు. ఇంట్లో ఉంది కదా అని మెత్తటి ముగ్గుపిండి చల్లితే బొమ్మ తిరగబడుతుంది. అదిరే పలక పైన గాలి చిన్న చిన్న సుళ్లు తిరుగుతుంది. మెత్తటి పొడి ఆ సుళ్లలో పడి ఎక్కువ కదిలే చోటికే వెళ్లి పోగవుతుంది. 1831లో ఫారడే తేల్చిన సంగతి ఇది. ముగ్గుపిండిని నమ్ముకుంటే మందు పొయ్యాల్సిన చోటు వదిలేసి పక్కన పోస్తారు.

4. కుండను తక్కువ చెయ్యొద్దు

టేపురికార్డర్ల రోజుల్లో మన ఊళ్లలో కుండ స్పీకరు లేని సెలూన్, టీ కొట్టు అరుదు. కుండ మూతి మీద స్పీకరు బోర్లించి, చుట్టూ గుడ్డ కట్టి మూలన పెట్టేవాళ్లు. చదువుకున్నవాళ్లు నవ్వారు కానీ, అందులో తెలివి ఉంది. గుండ్రటి గోడ చదును గోడలా సులువుగా వంగదు. అందుకే అంత పలచటి మట్టి కూడా తక్కువ స్వరాలకు లొంగకుండా నిలబడుతుంది. తక్కువ స్వరాలు నిండుగా రావడానికి అదొక కారణం. స్పీకరు వెనక వైపు గాలి ముందుకొచ్చి ముందు గాలిని కొట్టెయ్యకుండా కుండ పట్టి ఉంచడం ఇంకో కారణం.

అయితే కాలిన మట్టి గలగలలాడుతుంది. అదే ఘటానికి ప్రాణం, మనకు తలనొప్పి. వేలి కణుపుతో కొట్టి చూడండి. "టంగ్" మని సాగితే అలాంటి కుండను ఉత్తగా వాడకూడదు. అడుగున నాలుగు వేళ్ల ఎత్తు పొడి ఇసుక పొయ్యండి. బయట పొట్ట చుట్టూ గోనెపట్టాను మైదా జిగురుతో రెండు వరసలు బిగించి చుట్టండి. జిగురు ఎండాక గోనె బిర్రుగా పట్టుకుని, పోగులు ఒకదానితో ఒకటి రాసుకుంటూ అదురును తినేస్తాయి. మళ్లీ కొట్టండి. "టక్" మని ఆగిపోవాలి. లోపల నడిమధ్యన వదులుగా దూది కూరండి, ఎందుకంటే గుండ్రటి గోడలు ప్రతిధ్వనిని సరిగ్గా మధ్యకే తిప్పి పంపుతాయి.

మూతికీ స్పీకరు అంచుకీ మధ్య సందు ఉంటే పైన చెప్పిందంతా వృథా. అద్దాలు బిగించేవాళ్లు వాడే లప్పం తాడులా చేసి అంచు చుట్టూ పెట్టి స్పీకరును ఒత్తండి. రేకు చట్రం కూడా ఆ లప్పంలో కూరుకుని నోరు మూసుకుంటుంది.

5. దూది ఉండాల్సింది మధ్యలో

రెండు గోడల మధ్య దూరం 35 సెంటీమీటర్లు అనుకుందాం. మన వేసవి గాలిలో శబ్దం సెకనుకు సుమారు 350 మీటర్లు పోతుంది. ఆ దూరానికి గాలి 500 హెర్ట్జ్ దగ్గర ఊగిసలాడుతుంది. ఆడపిల్ల గొంతు నడిచే చోటు అది, చెవి ఊరుకోదు. ఆ ఊగిసలాటలో గోడ దగ్గర గాలి కదలదు, ఒత్తిడి మాత్రం పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. గాలి నిజంగా పరుగెత్తేది మధ్యలో. పోగులు పనిచేసేది పరుగెత్తే గాలి మీదే. కాబట్టి వేలెడు మందం ఫోమ్ గోడకు అంటించి చేతులు దులుపుకుంటే 500 దగ్గర పెద్దగా ఒరిగేదేం లేదు. పాత పరుపులోని బూరుగు దూది చిక్కులు విడదీసి, పలచటి చీర గుడ్డలో వదులు మూటగా కట్టి, డబ్బా నడుమ దారాలతో వేలాడదీస్తే పని జరుగుతుంది. గుడ్డ తప్పనిసరి. బూరుగు పోగు ఎగిరి వాయిస్ కాయిల్ సందులోకి పోయిందంటే స్పీకరు విప్పాల్సిందే. కుదించి కుక్కినా లాభం లేదు, అప్పుడది ఇంకో గోడ అవుతుంది. లోపలి గాలి బయటికి పోయే గొట్టం ఉన్న డబ్బాలైతే ఆ గొట్టం మూతికి జానెడు దూరం వదలండి.

అమెరికాలో ఎడ్గర్ విల్చర్ 1954లో తెచ్చిన మూసిన డబ్బాల్లో గాజు పీచు నింపారు. అది ఇంట్లో చేతులతో కెలికే సరుకు కాదు, దురద, దగ్గు. బూరుగు, పాత బొంతలోని నూలు, దువ్విన కొబ్బరి పీచు మనకు చాలు.

నాట్యం నేర్చుకునే మనవరాలు ఒకతె, "తాతయ్యా, గదంతా కోడిగుడ్ల అట్టలు అంటిస్తే?" అని అడిగింది. పలచటి అట్టలమ్మా అవి, పై స్వరాల్ని కాస్త చెదరగొడతాయి, కింది స్వరాలు వాటిని లెక్కే చెయ్యవు. దాని బదులు ఒక మూల ఏలూరు తివాచీ ఒకటి గోడకు నాలుగు వేళ్లు ఎడంగా వేలాడదియ్యమన్నాను. వాళ్లమ్మ ఒప్పుకోలేదు, అది వేరే సంగతి.

6. గోళీ పరీక్ష

రబ్బరంతా ఒకటి కాదు. సైకిల్ షాపు ముందు పడేసిన ట్యూబుల్లో రెండు రకాలు ఉంటాయి. ఒక్కోదాన్ని నాలుగు మడతలు వేసి నేల మీద పెట్టి, మూరెడు ఎత్తు నుంచి గాజు గోళీ వదలండి. ఒకదాని మీద గోళీ ఎగిరి పడుతుంది. అది ఇచ్చిన శక్తిని ఇచ్చినట్టే తిప్పి పంపే రబ్బరు. ఇంకోదాని మీద గోళీ దబ్బుమని చతికిలబడుతుంది. అది బ్యూటైల్ రబ్బరు అయ్యే అవకాశం ఎక్కువ. గోళీ ఎగరని ముక్కలే ఏరుకోండి. అదురును వేడిగా మార్చి మింగేది అదే. లారీ ట్యూబు ముక్కలు విజయవాడ ఆటోనగర్‌లో పంక్చర్ కొట్ల దగ్గర అడిగితే ఊరికే ఇస్తారు.

అంటించే పద్ధతి మీదే అంతా ఉంది. రబ్బరును ఊరికే చెక్క మీద పరిస్తే అది చెక్కతో పాటు వంగుతుందంతే, పెద్దగా నలగదు. దాని మీద ఇంకో 4 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పట్టీ అంటించి చూడండి. గోడ వంగినప్పుడు లోపలి చెక్క ఒక వైపు, పై పట్టీ ఇంకో వైపు లాగుతుంటే మధ్యలో రబ్బరు పక్కలకు నలుగుతుంది. ఆ నలగడంలోనే అదురు చస్తుంది. పంక్చర్లకు వాడే సొల్యూషన్‌తోనే రెండు వైపులా అంటించండి. పై పట్టీని మాత్రం మేకులతో గోడకు బిగించకండి. మేకు పడిందా, రెండు చెక్కలూ ఒక్కటై రబ్బరుకు పని లేకుండా పోతుంది.

గోళీ ఎగిరే రకం కూడా పారెయ్యకండి. అరిగిన హవాయి చెప్పులతో పాటు అది డబ్బా కింద నాలుగు మూలలా పెట్టడానికి ఉంటుంది. అక్కడ కావలసింది బల్లకూ డబ్బాకూ తెగదెంపులు.

7. తారు, మన ఎండ

మందం చెక్కే మంచిదని అందరూ అనుకునే కాలంలో బి.బి.సి. పరిశోధకులు ఎదురు దారి పట్టారు. పలచటి ప్లైవుడ్ తీసుకుని, లోపల తారు పలకలు అంటించారు. హార్వుడ్, మాథ్యూస్ 1977లో రాసిన నివేదికలో ఆ లెక్కంతా ఉంది. పలచటి గోడ మోత తక్కువ స్వరాలకు దిగుతుంది, అక్కడ చెవి అంత పట్టించుకోదు. ఆ దిగిన మోతను తారు మింగుతుంది. వాళ్ల ఎల్‌ఎస్3/5ఎ అనే చిన్న స్పీకరు 12 మిల్లీమీటర్ల బర్చ్ ప్లైవుడ్‌తో కట్టిందే. ఇప్పటికీ వెతుక్కుని కొనుక్కునేవాళ్లున్నారు.

కృష్ణా జిల్లాలో మే నెల ఎండ 45 దాటిన రోజులు మనకు తెలుసు. రోడ్డు తారు ఇంచుమించు ఆ వేడికే మెత్తబడటం మొదలెడుతుంది. ఎండలో నిలిపిన వ్యానులో స్పీకరు డబ్బా ఉంటే దాని పై గోడకు లోపల అంటించిన తారు పలక ఊడి కోన్ మీద పడుతుంది. కాబట్టి పలకను అంచుల్లో సన్న రీపర్లతో ఒత్తి పట్టండి, పై గోడకు తారు అసలు వద్దు. ఇంట్లో తారు కాచే పని పెట్టుకోవద్దు. పొగ మంచిది కాదు, ఒంటి మీద పడితే చర్మంతో సహా ఊడుతుంది. కార్ల తలుపుల్లో అంటించే పలకలు ఆటోనగర్‌లో ముక్కలుగానూ అమ్ముతారు.

8. ఇసుక

ఇంగ్లండులో వార్ఫ్‌డేల్ కంపెనీ పెట్టిన గిల్బర్ట్ బ్రిగ్స్ 1950లలో రెండు పలచటి చెక్కల మధ్య పొడి ఇసుక నింపి స్పీకరు పలకలు చేశాడు. గింజ గింజా రాసుకుని అదురు అణిగిపోతుంది. అంతకంటే చవకైనదీ గట్టిదీ నేను చూడలేదు. బరువే ఇబ్బంది. రెండడుగుల చదరం గోడకు అంగుళం సందు ఉంటే తొమ్మిది లీటర్ల పైన ఇసుక పడుతుంది, అంటే దాదాపు 15 కిలోలు. అన్ని గోడలకూ పోస్తే ఎత్తడానికి నలుగురు కావాలి. ముందు గోడకు పోసి ఊరుకోండి. కృష్ణ ఇసుకను జల్లించి, మూకుట్లో వేయించి, చల్లారాకే పొయ్యాలి. తడి ఉంటే చెక్క కుళ్లుతుంది. కొన్నాళ్లకు ఇసుక కుదురుకుని పైన వెలితి పడుతుంది, మళ్లీ పొయ్యడానికి పైన బిరడా ఉంచండి. ఇసుక ఎక్కడ దొరుకుతుందన్నది నన్ను అడక్కండి, ఈ రోజుల్లో అది రాజకీయం.

9. మక్కు, చీమలు

కొండపల్లి బొమ్మల వాళ్లు తెల్లపొణికి ముక్కల్ని అతకడానికి చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపి మక్కు చేస్తారు. డబ్బా మూలల్లో సందులు పూడ్చడానికి దాన్ని మించింది లేదు. ఎండితే రాయిలా అవుతుంది కాబట్టి అదురు మింగమని మాత్రం దాన్ని అడగకూడదు. మైదా జిగురైనా, మక్కైనా చీమలకూ బొద్దింకలకూ విందే. పుస్తకాలు కుట్టేవాళ్లలా జిగురులో చిటికెడు మైలుతుత్తం కలపండి. అది విషం, వంటగిన్నెలో కలపవద్దు, చేతులు కడుక్కోండి. దూది పెట్టిన డబ్బాకు వెనక గొట్టం ఉంటే దానికి సన్న జాలీ బిగించండి, ఎలుకకు అంతకంటే మంచి కాన్పు గది ఉండదు.

10. వేదిక చెక్కది అయితే

పాతకాలం భాగవతాలు ఊరి నడుమ, దివిటీల వెలుగులో, మట్టి నేల మీద ఆడేవాళ్లు. పాత్ర వచ్చే ముందు దివిటీ మీద గుగ్గిలం చల్లితే భగ్గుమనేది. వేషగాడే పాడాలి, మాట్లాడాలి. మైకు లేదు, నేల అదరదు. ఇప్పుడు చెక్క పలకల వేదిక, పక్కన నట్టువాంగం, గాత్రం, మృదంగం, వయొలిన్, ప్రతి దానికీ మైకు. పాదం పడగానే పలక అదురుతుంది, ఆ అదురు మైకు స్టాండు కాలు పట్టుకుని పైకెక్కుతుంది, స్పీకర్లో "దుబ్ దుబ్" మంటుంది. స్పీకరు కూడా అదే పలకల మీద ఉంటే దాని అదురు తిరిగి మైకులోకి పోయి కూత మొదలవుతుంది. వినేవాళ్లు మైకువాణ్ని తిడతారు.

స్పీకరును వేదిక మీద నుంచి దించి నేల మీద వేరే బల్ల వేసి పెట్టండి. వాద్యాల వాళ్లు కూర్చునే చోటు ఆట పలకలకు అంటకుండా ఉండేట్టు షామియానా వాళ్లతో ముందే చెప్పుకోండి. కట్టేశాక చెబితే వినరు. కుదరకపోతే మైకు స్టాండు కింద గోనెసంచి నాలుగు మడతలు, దాని మీద ఓ చదును రాయి, రాయి మీద స్టాండు. రాయి బరువు, గోనె మెత్తదనం కలిసి అడుగుల మోతను చాలావరకు కిందే ఆపుతాయి. ఒక్క గోనె వేస్తే స్టాండు ఊగుతుంది, ఒక్క రాయి వేస్తే అదురు దారి తీసుకుంటుంది. గజ్జెల చప్పుడు వేరు, అది గాలిలో వచ్చేది, రావాల్సిందే. దాన్ని తగ్గించమని ఎవరైనా అడిగితే వినపడనట్టు నటిస్తాను.

11. ఒక డబ్బాకే వెయ్యండి

జత డబ్బాలు కట్టినప్పుడు ముందు ఒకదానికే మందు పెట్టండి. రెండోదాన్ని ఉత్తగా ఉంచండి. పరీక్షకు సినిమా పాట వద్దు, మాట కావాలి. బి.బి.సి. వాళ్లు కూడా స్పీకర్లు చూసుకోవడానికి మనిషి మాటనే నమ్ముకున్నారు. మనకు 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ ఆకాశవాణి ఉంది, అందులో ప్రాంతీయ వార్తలు ఉన్నాయి. ఇంకా మంచిది, ఇంట్లో మగమనిషి గొంతు ఆరుబయట ఫోనులో రికార్డు చేసి, రెండు డబ్బాల్లోనూ ఒకే ఎత్తు శబ్దంతో మార్చి మార్చి పెట్టడం. అదే మనిషిని పక్కన నిలబెట్టి అదే మాట చెప్పించండి. ఏ డబ్బా ఆ మనిషికి దగ్గరగా ఉందో ఇంట్లో ఆడవాళ్లను, పిల్లలను అడగండి, దేనికి మందు పెట్టారో చెప్పకుండా. గోడ మీద అరచెయ్యి ఆనించి కూడా చూడండి. మందు పెట్టినదానికి తేడా వినపడకపోతే రెండోదానికి ఆ ఖర్చు పెట్టకండి, పెన్సిలు గుండ్రం దగ్గరికి తిరిగి వెళ్లి రవ్వ మళ్లీ చల్లండి.